నిమ్మచెట్టు మొదట్లో నీలం మట్టి

మా బాపు మగ్గం గుంటలోంచి లేచాడంటే పెరట్లో ఉన్నట్టే లెక్క. పొద్దంతా చీరలు నేసి నడుము పట్టుకుపోయినా, వంగ మొక్కల దగ్గర గొంతుకూర్చుని మట్టి పిసుకుతూ ఉండేవాడు. కరీంనగర్ జిల్లాలో మాదొక సాలెవాడ. అందరి పెరళ్ళలో నూలు ఆరేది. మా పెరట్లో నూలు పక్కనే కాయగూరలూ కాసేవి. అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. మొదటి కాయ అవ్వకు, తర్వాత పిల్లలకు, మిగిలితే ఆయనకు. మిగలడం నేనెప్పుడూ చూడలేదు.

అన్నిట్లోకీ నిమ్మచెట్టంటే ఆయనకు ప్రాణం. లక్సెట్టిపేటలో అవ్వ వాళ్ళ ఇంట్లో ఎవరూ మిగలక, ఆ ఇల్లు అమ్మేసినప్పుడు, అవ్వ తెచ్చుకున్నది ఆ మొక్క ఒక్కటే. "నీ చెట్టును నా చేతులతోని సాకుత" అని బాపు మాటిచ్చాడట. నూలుకు పెట్టగా మిగిలిన గంజిని నీళ్ళలో కలిపి దానికి పోసేవాడు. పోసేవాడు అంటున్నాను గానీ, మోసేది నేను. పన్నెండేళ్ళు నాకు. రాట్నం మీద నూలు కండెలు చుట్టాలి, తమ్ముళ్ళను ఎత్తుకోవాలి, వాడ చివరి బావి నుంచి నీళ్ళు తేవాలి. ఇప్పుడు తలచుకున్నా భుజాలు లాగుతాయి.

తాలూకా కచేరీకి ఉర్దూ బోర్డు పక్కన తెలుగు బోర్డు పెట్టిన ఏటి ఎండాకాలం అది. గంజి నీళ్ళ గోళెం పెరటికి ఆ చివర ఉండేది. చెట్టు పక్కనే ఉన్న గోళెంలో నూలుకు నీలం రంగు వేయగా మిగిలిన సోడా నీళ్ళు. అవి పడితే మొక్క మాడిపోతుంది, వాడ అవతలే పారబోయాలి. తేడా నాకు బాగా తెలుసు. కాళ్ళు రాలేదు, అంతే. దగ్గరున్న నీళ్ళే రెండు బిందెలు పోసి, పైన పొడిమట్టి కప్పి వచ్చాను.

వారం తిరగకముందే ఆకంతా రాలింది. బాపు మొదలు తవ్వితే నీలం మట్టి చేతికొచ్చింది. నావైపు చూశాడు. నేను రాట్నం ముందు తల దించుకున్నాను. ఇంతలో అవ్వ వచ్చి, ఎవరు పోశారని అడిగింది.

"నేనే పోసిన. జర సూస్కోలే," అన్నాడు బాపు.

"మా అవ్వగారింటి గుర్తు గదొక్కటే ఉండె. దాన్ని గిట్ల చేస్తివా!" అని అవ్వ ఏడ్చింది. చాలా రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. అన్నం ముందర పెట్టి వెళ్ళిపోయేది. ఆయన తిని లేచి, ఆ ఎండు చెట్టుకు రోజూ మంచినీళ్ళు పోసేవాడు. ఆ నీళ్ళు ఆయనే మోసుకొచ్చేవాడు. ఆనాటి నుంచి నా చేతికి బిందె ఇవ్వలేదు. అది నాకు వేసిన శిక్ష అనుకున్నాను. చెట్టు మళ్ళీ చిగురించలేదు.

పెళ్ళయి, ఇద్దరు పిల్లల తల్లినై, అత్తగారింట్లో అదే చాకిరీతో అలసిపోయి ఒకసారి పుట్టింటికి వచ్చాను. అవ్వ ఇంట్లో లేదు. బాపు బీరతీగను పందిరికి పాకిస్తున్నాడు. ఇక దాచుకునే ఓపిక లేక అంతా చెప్పేశాను. నా కోసం అబద్ధమాడి అవ్వతో మాటలు పడ్డావని ఏడ్చాను.

"అబద్ధం ఏడిది బిడ్డా?" అన్నాడు. "గంత చిన్న పోరితోని బిందెలు మోపిచ్చింది నేను గదా. గా నీళ్ళు నేను పోసినట్టే."

నేను కళ్ళు తుడుచుకుని బావికి వెళ్దామని బిందె అందుకున్నాను. బాపు వచ్చి దాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు.