చిన్నల్లుడి టైర్లు

పెద్దల్లుడికి కడుపుమంట పుట్టుకతోనే వచ్చింది. చిన్నప్పుడు పక్కబెంచీవాడి పెన్సిలు మీద ఏడ్చాడు, కుర్రతనంలో స్నేహితుడి ఒత్తైన జుట్టు మీద ఏడ్చాడు, ఇప్పుడు తోడల్లుడి టైర్ల మీద ఏడుస్తున్నాడు. నవ్వకండి. పాత పికప్ బండి నడిపి ఇల్లు గడుపుకునేవాడికి టైరు కంటే ఏడవదగిన వస్తువు ఇంకేముంటుంది?

మామగారి అల్లుళ్లిద్దరూ బాడుగ బండ్లే నడుపుతారు. ఒకే కంపెనీ, ఒకే మోడలు, రెండూ ఇంకొకరు వాడి అమ్మినవే. అయినా పెద్దల్లుడి బండికి ముందు టైర్లు లోపలి అంచున ఎలుకలు కొరికినట్టు అరిగిపోతాయి, బయటి అంచు మాత్రం చెక్కుచెదరదు. చిన్నల్లుడి టైర్లో? ఈ అంచు నుంచి ఆ అంచుదాకా సమంగా, నల్లగా నిగనిగలాడుతుంటాయి. వాటిని చూసినప్పుడల్లా పెద్దల్లుడికి కళ్లలో కారం కొట్టినట్టుండేది.

"మా మరిది బండిని పసిబిడ్డలా చూసుకుంటాడండీ," అంది భార్య ఒకసారి, ఊరుకోలేక.

"అయితే వెళ్లి ఆ బండికే దండం పెట్టుకో!" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు.

ఇంతలో ఒకరోజు బీరువాలు తీసుకెళ్తుండగా నడిరోడ్డు మీద ముందు టైరు పేలింది. బీరువా అద్దం ముక్కలైంది. ఫర్నిచర్ షాపు యజమాని మొహమాటం లేకుండా చెప్పేశాడు. "ఇంకోసారి ఇలా అయితే వేరే బండి చూసుకుంటాను. ఏమనుకోకు." ఆ షాపు పోతే పెద్దల్లుడికి వేరే ఆధారం లేదు.

మెకానిక్ చక్రాన్ని ఊపి చూసి తేల్చేశాడు. స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తిప్పే కడ్డీ ఉంటుంది చూశారూ, దాని చివరి కీలు, టై రాడ్ ఎండ్, వదులైపోయిందట. "అది మార్చకుండా ఎన్నిసార్లు చక్రాల అలైన్‌మెంట్ చేయించినా బూడిదలో పోసిన పన్నీరే," అన్నాడు. వింటేనా! చిన్నల్లుడి బండిలో ఏదో కిటుకుంది, అది వీళ్లెవరూ తనకి చెప్పడంలేదు అని మనవాడి నమ్మకం.

ఆ ఆదివారం చిన్నల్లుడి ఇంట్లో భోజనం. అందరూ కునుకు తీస్తుంటే గోనెపట్టా పరుచుకుని తోడల్లుడి బండి కిందికి దూరాడు. ఆ కడ్డీ మీద మరలు ఎంతవరకు బయటికి కనిపిస్తున్నాయో చూసుకుని, తన బండికీ అచ్చం అలాగే బిగించాలని ఎత్తు. పక్కవాడి కళ్లజోడు పెట్టుకుంటే చదువొచ్చేస్తుందనుకునే తెలివి!

చెయ్యి చాచాడో లేదో, మొహమంతా సాలెగూడు అంటుకుంది. చక్రానికీ నేలకీ మధ్య అల్లుకున్న గూడు. దగ్గర నుంచి చూస్తే టైరు పక్కలు ఎండకి బీటలు వారి ఉన్నాయి.

"అన్నయ్యా, ఏమైనా పడిపోయిందా?" చిన్నల్లుడి చెప్పులు కనిపించాయి.

ఇక దాచి లాభం లేదు. "నీ టైర్లు అరగకుండా ఎలా ఉన్నాయా అని చూస్తున్నాను," అన్నాడు కింద నుంచే.

చిన్నల్లుడు గొంతుక్కూర్చున్నాడు. "తిరిగితే కదా అరగడానికి! నాలుగు నెలలుగా బాడుగ లేదన్నయ్యా. పొద్దున్నే పైపైన బండి కడిగి, తాళం వేసి, బస్సెక్కి గోడౌన్‌లో మూటలు మొయ్యడానికి పోతున్నాను. మామగారితో అనకండి. మీ టైర్లు అరిగిపోతున్నాయని వదిన చెప్పినప్పుడల్లా నాకు ఎంత కుళ్లుగా ఉండేదో! అరిగేంత పని ఉంది కదా అని."

పాపం అనుకోవాలా వద్దా? పెద్దల్లుడికి ముందు సంతోషమే వచ్చింది. ఛీ, అలాంటి మనిషి! ఆ తర్వాతే సిగ్గేసింది, టైరు పేలిన సంగతీ షాపు సంగతీ చెప్పేశాడు.

చిన్నల్లుడు జాకీ తెచ్చి పెద్దల్లుడి బండి ఎత్తాడు. చక్రం పట్టుకుని ఊపితే టకటకమంది. మెకానిక్ మాట నిజమే. ఇంకో మాట అనకుండా వెళ్లి తన బండి టై రాడ్ ఎండ్ ఊడదీయడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, ఏం చేస్తున్నావ్?"

"ఇవాళ షాపులుండవు. రేపు మీకు లోడుంది కదా. నాది ఎలాగూ నిలబడే ఉంది."

పెద్దల్లుడి సంతోషం కాస్తా ఎగిరిపోయింది. తనైతే ఇచ్చేవాడా? చచ్చినా ఇచ్చేవాడు కాదు. పని లేదు, చేతిలో చిల్లిగవ్వ లేదు, అయినా మంచితనంలోనూ వీడిదే పైచెయ్యి! టైర్ల మీద ఏడుపు దీని ముందు ఏపాటి?

ఆ సామాను బిగించుకున్న బండికి పొద్దున్నే మెకానిక్ చక్రాలు సరిచేశాడు. బండి ఏ పక్కకీ లాగకుండా తిన్నగా నడిచింది. అద్దాల బీరువాలు గీత పడకుండా చేరాయి.

యజమాని వెన్ను తట్టాడు. "భేష్! పని పెరిగిందయ్యా, ఒక బండి చాలడం లేదు. నమ్మకమైనవాడెవరైనా ఉన్నాడా?"

పెద్దల్లుడు లోలోపల లెక్కలు వేశాడు. వాడిక్కడ అడుగుపెడితే ఆ కడిగిన బండి, ఆ మర్యాద చూసి ఈయన నెల తిరక్కుండా తనని మర్చిపోడూ? 'ఎవరూ లేరండీ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మా తోడల్లుడున్నాడండీ."

"బండి ఎలా ఉంటుంది?"

"రేపటిదాకా కదలదండీ. ఒక సామాను వెయ్యాలి, అది నేను వేయిస్తాను. ఆ తర్వాత..." పెద్దల్లుడు తన బండి వైపు చూశాడు. "నా బండికంటే బాగుంటుంది."

అనేసి, ఏడుపు మొహం పెట్టుకుని తాళ్లు చుట్టడానికి వెళ్లాడు.