అమ్మ మొదటిసారి చుడీదార్ వేసుకున్నప్పుడు

మా చిన్నప్పుడు... కె.ఆర్.పురం వెనక సందులో, రేకుల ఇంటి గడపలో కూర్చుని అమ్మకు నేను తల దువ్వేదాన్ని. ఇటుకలు మోసి మోసి అమ్మ కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవిదాకా కూడా లేచేది కాదు. రైక తొడిగేదీ, కొప్పు ముడిచేదీ నేనే. ఆ కాసేపూ అమ్మ గోడకేసి తిరిగి కూర్చునేది... నా మొహం చూడలేక.

"మెల్లగా కదిలిస్తూ ఉంటే వదులవుతుంది" అన్నాడు డాక్టరు. పక్క వీధి సముదాయ భవనంలో ఆడవాళ్ళకు పొద్దున్నే వ్యాయామం క్లాసు ఉండేది. తోడుగా నన్ను తీసుకెళ్ళింది.

అక్కడ గంతులూ పరుగులూ లేవు. గోడ మీద వేళ్ళు పైకి పాకించడం, ఊపిరి వదులుతూ భుజాలు దించడం, చాప మీద పడుకుని మోకాళ్ళు అటూ ఇటూ వాల్చడం... అంతే. మోకాళ్ళు మడవగానే అమ్మ చీర పైకి జారింది. గబుక్కున లేచి కూర్చుంది.

నేర్పించే మేడం దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "చీర బేడమ్మా, వద్దు... రేపు చుడీదార్ ఏసుకొని రాండి."

మర్నాడు అమ్మ మా అక్క చుడీదార్ వేసుకుంది. పైన దుప్పటి కప్పుకుంది. సందు మలుపులో టీ అంగడి... అక్కడ మా నాన్న, ఆయనతో పనిచేసే మేస్త్రీలు.

"ఏమప్పా ఓబులేసూ, మీ ఇంటామె కాలేజీలో చేరిండాదా?" అన్నాడొకాయన.

అందరూ నవ్వారు. నాన్న తల దించుకుని టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

"పా పాపా... ఇంటికి పోదాం" అంది అమ్మ. నాకు నేలలోకి కుంగిపోయినట్టయింది.

ఇంటికొచ్చాక ఆ చుడీదార్ విప్పడానికి కూడా చెయ్యి లేవలేదు. నేను లాగుతుంటే ఏడ్చింది. నొప్పికో, సిగ్గుకో... అడగలేదు.

సాయంత్రం నాన్న పని నుంచి వచ్చి బయట చాలాసేపు కాళ్ళు కడుక్కుంటూనే ఉన్నాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు.

"ఆడ నాకు నోరు రాలేదు" అన్నాడు చివరికి. "నా పెండ్లాన్ని నగతా ఉంటే ఊరుకుంటినే అని... పొద్దన్నుంచి పని చేతికి రాలే."

"నేనింక పోనులే."

"పోవాల. రేపు నేనూ వస్తా."

మర్నాడు అదే టీ అంగడి ముందు నాన్న అమ్మ పక్కనే నడిచాడు. తల ఎత్తలేదు. మళ్ళీ ఎవరో ఏదో అన్నారు.

"చెయ్యి బాగలేదప్పా. వ్యాయామానికి పోతా ఉండాది" అన్నాడు నాన్న.

భవనం గేటు దాకా వచ్చి, అక్కణ్ణించి పనికి వెళ్ళాడు. ఆ తర్వాత రోజూ అంతే... వాళ్ళ సిగ్గు పోయిందని చెప్పను. సిగ్గుపడుతూనే వెళ్ళారిద్దరూ.

వానలు మొదలయ్యేసరికి ఒకరోజు అమ్మ తడి బట్టలు తానే దండెం మీద ఆరేసింది. నాన్న చూసి, లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు.

ఇప్పుడు మా మహదేవపుర పార్కులో పొద్దున్నే ఎంతమంది ఆడవాళ్ళో... ట్రాక్ ప్యాంట్లు వేసుకుని, చేతులు పైకెత్తి, హాయిగా నవ్వుకుంటూ. దారిన పోయేవాళ్ళు తల తిప్పి కూడా చూడరు. చూసినప్పుడల్లా సంతోషంగానే ఉంటుంది... దుప్పటి కప్పుకుని నడిచిన అమ్మ కూడా గుర్తొస్తుంది.

మీ ఇంట్లో ఆడవాళ్ళు కూడా తమ ఒళ్ళు తాము బాగుచేసుకోవడానికి ఇంత సిగ్గుపడాల్సి వచ్చిందా... మనసొప్పితే రాయండి, చదువుతాను.