డ్రా వద్దన్న హాఫ్ టికెట్

పద్నాలుగో నంబరు బస్సులో డ్రైవరు సీటుకి సరిగ్గా వెనక ఒక ఒంటి సీటు ఉండేది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదింటి దాకా ఆ సీటు ఒక పిల్లది. రోజూ ఎక్కేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. తెలియనివాళ్ళెవరైనా వెళ్ళి అందులో కూర్చోబోతే నలుగురు ఒక్కసారే, "అది హాఫ్ టికెట్‌ది" అనేవారు.

హాఫ్ టికెట్ తల్లి ఆ బస్సు కండక్టరు. భర్త పోయాక డిపోలో ఆయన ఉద్యోగమే ఆమెకి ఇచ్చారు. ఇంటి దగ్గర పిల్లని చూసేవాళ్ళు లేరు. బడి గేటు ఎదురుగానే స్టాపు కాబట్టి బడి వదలగానే పిల్ల బస్సెక్కేది, తల్లి డ్యూటీ దిగేదాకా దిగేది కాదు. హోంవర్కు బస్సులోనే, కునుకు బస్సులోనే. ముందు పళ్ళు రెండు ఊడింది కూడా బస్సులోనే, ఒకే స్పీడ్ బ్రేకర్ మీద.

డ్రైవరుకి యాభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "రూటు కుదర్లేదు" అనేవాడు. ఒకప్పుడు కాలు విరిగి మూడు నెలలు ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు, పక్క మంచం మీది రోగి ఆయనకి చదరంగం నేర్పాడు. అప్పటినుంచీ జేబులో పట్టే చిన్న బల్ల ఒకటి, అయస్కాంతం పావులతో, స్టీరింగు పక్క అరలో ఉండేది. ఆఖరి స్టాపులో బస్సు పన్నెండు నిమిషాలు ఆగుతుంది. ఆ పన్నెండు నిమిషాలూ తనతో తనే ఆడుకునేవాడు.

పిల్లకి ఏడేళ్ళప్పుడు ఒకరోజు సీటు మీంచి తొంగిచూసి, "మావయ్యా, ఆ గుర్రం ఎందుకు వంకరగా దూకుతోంది?" అని అడిగింది. అలా మొదలైంది. నెల తిరిగేసరికి పావుల నడక వచ్చేసింది. చిక్కల్లా ఆట ముగియకముందే పన్నెండు నిమిషాలు అయిపోవడమే. ఓసారి తను గెలవబోతుండగా ఆయన బల్ల మూసేశాడని పిల్ల ఏడుపు లంకించుకుంది.

"ఏడవకు. బల్ల మూశాం గానీ ఆట మూయలేదు. పావులన్నీ ఎక్కడున్నాయో నీకు గుర్తుందా?"

"ఉంది."

"అయితే నీ ఎత్తు, ఏ పావు ఏ గడికో, నోటితో చెప్పు. బస్సు ఆగినప్పుడే చెప్పాలి. నేనూ ఆగినప్పుడే చెప్తాను."

తల్లి నెత్తి కొట్టుకుంది. "అన్నయ్యా, యాభై మంది ప్రాణాలు నీ చేతిలో పెడితే నువ్వు గుర్రాలు తోలుతున్నావా!"

"బండి కదిలితే నోటికి తాళమే చెల్లెమ్మా," అన్నాడు డ్రైవరు. ఆ మాట ఎప్పుడూ తప్పలేదు. స్టాపులో బస్సు ఆగగానే "శకటు సి నాలుగు" అని ముందునుంచి ఒక గొంతు, మళ్ళీ స్టాపు వచ్చాక "గుర్రం ఎఫ్ ఆరు" అని వెనకనుంచి ఇంకో గొంతు. కొత్తగా ఎక్కినవాళ్ళు బిత్తరపోయేవారు. ఒక ముసలావిడైతే స్టాపుల పేర్లు మార్చారనుకుని, "గుర్రం ఎఫ్ ఆరులో నన్ను దింపెయ్యమ్మా" అని కండక్టరుని బతిమాలింది.

తొమ్మిదో ఏట పిల్ల డ్రైవరుని మొదటిసారి ఓడించింది. పదకొండు వచ్చేసరికి ఆయన నెలకొక్క ఆట గెలిస్తే గొప్ప. ఆయనకి అది నామోషీ అనిపించలేదు గానీ బెంగ పట్టుకుంది. ఒకరోజు డిపోలో టీ తాగుతూ తల్లితో అన్నాడు: "నా దగ్గరున్న సరుకు అయిపోయింది చెల్లెమ్మా. ఇక దీన్ని నాకంటే గట్టివాళ్ళ ముందు కూర్చోబెట్టాలి."

గట్టివాడంటే ఊళ్ళో ఒక్కడే. కళ్ళజోళ్ళ దుకాణం ఆయన. పంతొమ్మిదేళ్ళుగా ఊరి ఛాంపియన్ ఆయనే. సన్నటి మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, మాట పొదుపు. దుకాణంలో అద్దాలు మార్చి మార్చి పెడుతూ "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడిగినంత నెమ్మదిగానే ఆడేవాడు. ఎదుటివాళ్ళు తమకి తామే కంగారుపడి ఓడిపోయేవారు. పేరు ఎక్కువై, పోటీకి వచ్చేవాళ్ళు ఏడాదికేడాది తగ్గిపోయారు. ఆయనతో ఫైనల్ అంటే రెండో బహుమతికి సంతకం పెట్టడమే అని అందరూ ఖాయం చేసేసుకున్నారు.

ఆ ఏడు హాఫ్ టికెట్ పేరిచ్చింది. మొదటి రౌండులో బ్యాంకు ఉద్యోగి ఒకాయన పిల్లని చూసి నవ్వి, ఫోను చూసుకుంటూ ఆడాడు. ఇరవై ఎత్తుల తర్వాత ఫోను జేబులో పెట్టాడు, అప్పటికే ఆలస్యమైంది. ఆ తర్వాత ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు. సెమీ ఫైనల్లో కాలేజీ లెక్చరరు, కుర్చీ గట్టిగా ఉంటుందని ఇంటినుంచి దిండు తెచ్చుకున్న మనిషి. నాలుగు గంటలు ఆడి దిండు అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయాడు. ఊరంతా ముక్కున వేలేసుకుంది.

ఫైనల్ ఆదివారం పొద్దున పదింటికి, గ్రంథాలయం పైఅంతస్తు హాల్లో. ఒకటే ఆట. డ్రా అయితే పాత ఛాంపియనే ఛాంపియన్‌గా ఉంటాడన్నది ఎప్పటినుంచో ఉన్న నియమం. తల్లి సెలవు అడిగింది. ఇద్దరు కండక్టర్లకి జ్వరాలని డిపో గుమస్తా ఇవ్వలేదు. ఆమె గింజుకుంటూ పిల్లకి జడ వేస్తుంటే, పిల్లే అంది: "నువ్వు రాకపోతేనే నయమమ్మా. వచ్చావంటే బల్ల మానేసి నీ మొహం చూస్తూ కూర్చుంటాను."

"నా మొహానికేమైందే?"

"నా ప్రతి ఎత్తుకీ టికెట్ తీసుకోని మనిషిని చూసినట్టు చూస్తావు."

తల్లికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ ఆదివారం పద్నాలుగో నంబరు బస్సు ఎన్నడూ లేనంత కచ్చితంగా నడిచింది. యాభై నిమిషాలకొకసారి గ్రంథాలయం స్టాపు వస్తుంది. ఫైనల్ రోజు మాత్రం హాల్లోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. అందుకని కబురు మోసే పని గ్రంథాలయం వాచ్‌మన్ నెత్తిన వేసుకున్నాడు. చిక్కేమిటంటే ఆయనకి చదరంగం ఒక్క ముక్క రాదు.

మొదటి ట్రిప్పులో కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "మీ పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది, ఆయన చేతులు కట్టుకున్నాడు" అన్నాడు.

"పావుల సంగతి చెప్పవయ్యా!" అన్నాడు డ్రైవరు.

"పావులా? ఉన్నాయి. బోలెడున్నాయి."

రెండో ట్రిప్పులో, "ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు" అన్నాడు. డ్రైవరు వెనక్కి తిరిగి కండక్టరు వంక చూశాడు. "పంతొమ్మిదేళ్ళలో ఆయన కళ్ళజోడు తీయగా నేను చూళ్ళేదు చెల్లెమ్మా," అన్నాడు. అప్పటికి బస్సులో విషయం పాకిపోయింది. దిగాల్సినవాళ్ళు కొందరు దిగలేదు. వాళ్ళకి ఇంకో టికెట్ కొట్టాలా వద్దా అని ఆమె ఒక్క క్షణం ఆలోచించి, కొట్టింది.

మూడో ట్రిప్పుకి వాచ్‌మన్ రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. రొప్పుతున్నాడు. "ఆయన డ్రా ఇస్తానన్నాడంట! పంతొమ్మిదేళ్ళలో ఎవరికీ ఇవ్వలేదంట! హాలంతా లేచి నిలబడింది!"

"మరి పిల్లేమంది?" తల్లి కిటికీలోంచి వంగి అడిగింది.

"వద్దంది. 'వద్దండీ, ఇంకాస్త ఆడదాం' అంది. అంతే, తల దించేసుకుంది."

తల్లి చేతిలో చిల్లర సంచి గట్టిగా బిగుసుకుంది. "తీసుకోవాల్సింది అన్నయ్యా. పన్నెండేళ్ళు నిండని పిల్లకి ఆయనతో డ్రా అంటే తక్కువా? దీనికి మొండితనం ఎక్కడిది?"

డ్రైవరు గేరు మీద చెయ్యి వేసి అన్నాడు: "మొండితనం కాదు. దానికి ఏదో కనిపించి ఉంటుంది."

నాలుగో ట్రిప్పుకి వాచ్‌మన్ లేడు. స్టాపులో పిల్లే నిలబడి ఉంది, చేతిలో ఎత్తులు రాసుకున్న కాగితంతో. మొహం చూడగానే తల్లికి అర్థమైంది. పిల్ల ఎక్కి, తన ఒంటి సీటులో కూర్చుని, "ఓడిపోయానమ్మా" అంది. తల్లి టికెట్ల మిషను పక్కన పెట్టి, నిండు బస్సులో, మోకాళ్ళ మీద కూర్చుని పిల్లని పొదివి పట్టుకుంది. పిల్ల ఏడ్చింది. కానీ ఎక్కువసేపు కాదు. కళ్ళు తుడుచుకుని డ్రైవరు వీపు వైపు వంగింది.

"మావయ్యా, గెలిచే ఆటే. ఎక్కడో జారిపోయింది. ఎక్కడో తెలీట్లేదు."

"చెప్పు మరి. మొదటినుంచీ చెప్పు. ఆగినప్పుడు."

పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో స్టాపులో ఏడెనిమిది ఎత్తులు. కాగితం ఒళ్ళోనే ఉంది, ఒక్కసారీ చూడలేదు. ఆరో స్టాపుకి ఆట చివరికి వచ్చింది. అటు ఇటు ఒక్కో ఏనుగు, కొన్ని బంటులు. పిల్ల బంటు ఒకటి మంత్రి కావడానికి రెండే గడులు. "నా రాజు బి అయిదు, బంటు బి ఆరు. ఆయన రాజు డి ఆరు. నేను బంటుని తోసేశాను. ఆయన రాజు వచ్చి దాన్ని తినేశాడు. ఆ తర్వాత అవతలి పక్క ఆయన బంటులు పరుగెత్తాయి, నేను ఆపలేకపోయాను."

డ్రైవరు తర్వాతి స్టాపుదాకా ఆలోచించాడు. ఆయనకి తోచలేదు. పిల్లకీ తోచలేదు. బస్సు ఆగింది. అప్పుడు మూడో వరసలోంచి ఒక నెమ్మది గొంతు వినిపించింది.

"ఏనుగు డి ఒకటి. చెక్."

అందరూ తిరిగి చూశారు. కళ్ళజోళ్ళాయన. గ్రంథాలయం దగ్గర వెనక తలుపులోంచి ఎక్కి, టికెట్ తీసుకుని, గెలిచిన కప్పు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ గొడవలో ఎవరూ ఆయన్ని గమనించలేదు, కండక్టరు కూడా చెయ్యి చూసి టికెట్ ఇచ్చిందే గానీ మొహం చూడలేదు.

"బంటు బి ఆరులో ఉన్నంతసేపూ నా రాజు సి ఏడుకి రాలేడు," అన్నాడాయన. "ముందు చెక్ పెట్టి ఉంటే ఇటువైపు దారిలేక అటు జరిగేవాణ్ణి. ఆ తర్వాత నువ్వు తోస్తే నాకు అందేది కాదు. నువ్వు ముందే తోసి, నాకు తలుపు తెరిచావు."

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. పెదాలు కదులుతున్నాయి, లెక్క వేసుకుంటోంది. తర్వాత ఉన్నట్టుండి నవ్వేసింది. "అవును! అయ్యో, అవును!" అని సీటు మీద గుద్దింది. ఓడిపోయిన పిల్ల అంత సంతోషంగా నవ్వడం చూసి బస్సులో వాళ్ళు సీట్లలోంచి లేచి తొంగిచూశారు.

"మీకు అప్పుడే తెలుసా సార్?"

"తెలుసు. నీకు కనిపిస్తుందేమోనని అరగంట ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను." ఆయన ఒళ్ళో కప్పుని పక్కకి జరిపాడు. "డ్రా వద్దన్నావు చూడు, అప్పుడు భయం వేసింది తల్లీ. నేను ఆట ముందు కూర్చుని భయపడి చాలా ఏళ్ళయింది. భయం లేకపోతే ఈ ఆట ఉత్త చెక్కముక్కలు జరపడమే. నా దుకాణం గురువారం మూసి ఉంటుంది. వెనక గదిలో పెద్ద బల్ల ఉంది. వస్తావా?"

పిల్ల తల్లి వంక చూసింది. తల్లి డ్రైవరు వంక చూసింది. డ్రైవరు అద్దంలోంచి ఛాంపియన్ని చూస్తూ, "ఆ వీధికి పద్నాలుగో నంబరే వెళ్తుంది సార్. దింపేది నేనే," అన్నాడు. బస్సంతా గొల్లున నవ్వింది.

ఏడాదిపాటు గురువారాలు తప్పలేదు. వెనక గదిలో గోడకి అక్షరాల పటం, అద్దాల పెట్టెలు, మధ్యలో బల్ల. ఆయన భార్య రొట్టెముక్కలు, పాలు పెట్టి, "తినకుండా ఆడితే పావులు ఎత్తేస్తాను" అని ఇద్దరినీ కలిపి బెదిరించేది. ఆయన పొగిడేవాడు కాదు. తప్పుడు ఎత్తు వేస్తే, దుకాణంలో అడిగినట్టే, "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని రెండు దారులూ చూపించేవాడు. ఏది బాగుందో పిల్లే చెప్పాలి. మొదటి ఆరు నెలల్లో ఆమె ఒక్క ఆటా గెలవలేదు. తర్వాత ఒకటి గెలిచింది. ఆ తర్వాత లెక్క పెట్టడం ఇద్దరూ మానేశారు.

మరుసటి ఏడు పోటీకి పేర్లిచ్చినవాళ్ళు మూడింతలయ్యారు. అందులో ఆడపిల్లలు పద్నాలుగు మంది. ఫైనల్లో మళ్ళీ వాళ్ళిద్దరే. ఈసారి తల్లికి సెలవు దొరికింది. పిల్లకి మొహం కనిపించకుండా ఒక స్తంభం చాటున, డ్రైవరు పక్కన కూర్చుంది. ఆట అయిదు గంటలు నడిచింది. రెండు వైపులా పావులు పలచబడ్డాయి. ఒక దశలో కళ్ళజోళ్ళాయన చాలాసేపు బల్లనే చూసి, తన రాజుని వేలితో నెమ్మదిగా పడుకోబెట్టి, చెయ్యి చాచాడు.

హాలు ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. స్తంభం చాటునుంచి తల్లి అరిచిన అరుపు రోడ్డు మీదికి వినిపించిందని వాచ్‌మన్ ఇప్పటికీ చెప్తాడు. డ్రైవరు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ముక్కు చీదుకునే పనిలో ఉన్నాడు.

కళ్ళజోళ్ళాయనే కప్పు తెచ్చి పిల్ల చేతిలో పెట్టాడు. ఇరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి ఆయన చేతులు ఖాళీ. ఆయన మొహంలో దిగులు లేదని కాదు. ఉంది. దాన్ని దాచుకోలేదు కూడా.

"జాగ్రత్త తల్లీ, బరువుంటుంది," అన్నాడు. "వచ్చే ఏడు నేను తిరిగి తీసుకోవడానికి వస్తాను."

"రండి సార్," అంది పిల్ల.

"గురువారం మాత్రం మామూలే."

"మామూలే సార్. అయిదింటికి."