చేతికిచ్చిన కవరు

మా బావ యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు. ఇరవై రెండేళ్ళు ఒళ్ళు దాచుకోకుండా చేశాడు మహానుభావుడు. తొమ్మిదిన్నరకు తెరవాల్సిన తలుపు, ఈల వేసుకుంటూ వెళ్ళి ఎనిమిదికే తెరిచేవాడు. ఏ సీసా ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. గాజు గొట్టాలు కడిగి, వెలుతురుకి ఎత్తి చూసి, మరక కనిపిస్తే మళ్ళీ కడిగేవాడు. ఎవరడిగారు? ఎవరూ అడగలేదు.

ఆయనకు కావలసింది ఒక్కటే, ఏ డిపార్టుమెంటులోనైనా సరే, అసిస్టెంటు పోస్టు. అటెండరుకి వరండాలో స్టూలు, అసిస్టెంటుకి లోపల కుర్చీ. మోకాళ్ళు అరిగిపోయిన మనిషికి ఆ తేడా ఎంతో వేరే చెప్పాలా?

ఆరేళ్ళపాటు ఏటా ప్రమోషన్ల సమయంలో ప్రొఫెసరు గారు, నువ్వు లేకపోతే ఈ ల్యాబే లేదయ్యా అని మునగచెట్టెక్కించి, అంటించిన కవరొకటి చేతికిచ్చేవారు. నీ గురించే రాశాను, మెయినాఫీసులో ఇచ్చిరా అనేవారు. వానలో కూడా తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని తీసుకెళ్ళేవాడు పిచ్చి బావ.

అదే యూనివర్సిటీలో గుమాస్తానైన నన్ను పోయినేడాది మెయినాఫీసులో ప్రమోషన్లు చూసే సెక్షనుకి మార్చారు. బావ ఫైలు తెరిచాను. ఆరు ఉత్తరాలు, ఆరింట్లోనూ అదే మాట: "ఇతను లేనిదే మా ల్యాబు నడవదు. కనుక ప్రమోషనిచ్చి వేరే చోటికి పంపవద్దని మనవి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే వాళ్ళింటికెళ్ళి చెప్పేశాను. బావ అరవలేదు, తిట్టలేదు. అన్నీ నేనే మోసుకెళ్ళానురా అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

మర్నాటి నుంచి గడియారం చూసి వెళ్ళడం, గడియారం చూసి రావడం. సీసాలు తారుమారయ్యాయి. పరీక్ష రోజున ఒక ద్రావణం బదులు ఇంకోటి పెట్టాడు. ప్రొఫెసరు గారు కంగారుపడి, సిబ్బందికి పనిలో ఉత్సాహం ఎలా పెంచుకోవాలో క్లాసు చెప్పించారు. రెండు గంటలు కుర్చీ దొరికిందని బావ మా ఇంటికొచ్చి నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను.

ఈ ఏడాదీ కవరొచ్చింది. బావే తెచ్చి, నా బల్ల మీద పెట్టి, పుస్తకంలో సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు. చించి చూశాను. "పనిలో నిర్లక్ష్యం. ప్రమోషనుకి అర్హుడు కాడు."

ఏం రాశారని బావ అడగలేదు. అక్క అడిగింది, చెప్పాను.

"అప్పుడు నువ్వు చెప్పకుండా ఉండాల్సిందిరా," అంది. "పొద్దున్నే ఈల వేసుకుంటూనైనా వెళ్ళేవాడు."