ఆమెకు గర్వం రాకూడదని ప్రార్థించాం

పోయిన ఫిబ్రవరి రెండో బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, జగ్గయ్యపేటలో మా చర్చి స్త్రీల కూడికలో లేచి నేనొక ప్రార్థన విన్నపం చెప్పాను.

"నందిగామ నుంచి వచ్చిన మన సహోదరికి గర్వం రాకుండా అందరం ప్రార్థిద్దామండీ."

మా కూడికల సంగతి తెలియనివారికి ఒక మాట. చాడీ చెబితే పాపం. అదే చాడీని విన్నపంగా చెబితే పదిమంది మోకాళ్ళూని, కన్నీళ్ళతో పైకి పంపుతారు.

ఆ సహోదరి భర్త సిమెంటు లారీ నడిపేవాడు. అతను పోయాక ఆమె మా వీధిలో గది అద్దెకు తీసుకుంది. ప్రసంగం మొదలైన ఐదు నిమిషాలకే నిద్రపోయేది, గురకతో సహా. బైబిల్లో ఒక్క వాక్యమూ నోటికి రాదు. నేను ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఇరవై ఆరు కీర్తనలు కంఠతా వచ్చినదాన్ని. అయినా మా వీధిలో మంచానపడ్డ ముసలావిడ ఎదురుచూసేది ఆమె కోసమే. ముసలావిడ కోడలు తెల్లారకముందే మిరపకోతకు ఆటో ఎక్కేస్తుంది. అందుకని ఈమె వారానికి మూడుసార్లు వెళ్ళి, నీళ్ళు కాచి, ముసలావిడకు స్నానం చేయించి, వీపు మీద పుళ్ళకు మందు రాసి, సినిమా కబుర్లతో నవ్వించి వచ్చేది. ఎవరికీ చెప్పుకునేది కాదు. నాకు అదింకా మంట.

పొరుగువాళ్ళ ఇల్లు, ఎద్దు, గాడిద ఆశించకూడదని పదో ఆజ్ఞ. పొరుగామె మంచితనం అందులో లేదు. "పొరుగువాడిది ఏదీ ఆశించొద్దని చివర్లో ఉందిగా" అంటుంది పాస్టరమ్మగారు. చివర్లో 'మొదలగునవి' అని రాసిన జవాబుకు నేనెన్నడూ మార్కు వేయలేదు. అయినా ఎద్దు మీద ఆశపడితే దొంగిలించైనా దున్నుకోవచ్చు. మంచితనాన్ని దొంగిలించలేం, పాడుచేయగలం అంతే. లోకంలో మొదటి హత్య కూడా పొలంగట్టు కోసం జరగలేదు. తమ్ముడి కానుక దేవుడికి నచ్చిందని అన్న చేతిలో జరిగింది.

ఆ బుధవారం పాస్టరమ్మగారు గొంతెత్తి, ఆమె గర్వాన్ని విరిచెయ్యమని ప్రభువును అరగంట వదల్లేదు. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది ఆ నందిగామ సహోదరే.

సోమవారం ముసలావిడ కోడలు నన్ను వీధిలో ఆపింది. "ఏంటండీ టీచరుగారూ, ఆ నందిగామావిడ రావట్లా? మా అత్త ఒకటే గొణుగుడు."

వెంటనే ఆ సహోదరి గదికి వెళ్ళాను. చింతపండు గింజలు తీస్తోంది.

"ఎందుకు మానేశావు?"

"మీరే కదండీ కనిపెట్టింది! నాకు తెలీలా టీచరుగారూ. మామ్మ నాకోసం కలవరిస్తుంటే లోపల ఎంత తియ్యగా ఉండేదో. గర్వమేగా అది? అది చచ్చేదాకా ఆ గడప తొక్కనని ఒట్టేసుకున్నా."

"గర్వమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. నేను ఓర్వలేక అన్నాను."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "చూడండి, నా తప్పు మీ నెత్తినేసుకుంటున్నారు. మీ అంత మంచోళ్ళు ఉండరండీ."

ఆ మాట ఎవరైనా అనాలని డెబ్భై ఒక్క ఏళ్ళు చూశాను. అన్నది ఆమె. చెంప పగిలినట్టయింది.

తరువాతి బుధవారం కూడికలో లేచి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "ఎంత దీనమనసు!" అని పాస్టరమ్మగారు కళ్ళొత్తుకుంది. నా దీనమనసు కోసం అందరూ స్తోత్రం చెప్పారు. ఆ సహోదరి కూడా.

ఇక చేసేదిలేక బకెట్టు నేనే పట్టుకెళ్ళాను.

"నువ్వా పంతులమ్మా? అదేదీ?" అంది ముసలావిడ.

"ఇవాళ నేను చేయిస్తానమ్మా."

"మెల్లగా! పలక మీద లెక్క చెరిపినట్టు తోముతావేంటే, తోలు ఊడొస్తంది!"

ఏప్రిల్‌లో, కోతలు అయిపోకముందే, ఆ సహోదరి గది ఖాళీ చేసి నందిగామ వెళ్ళిపోయింది. అక్కడైతే తనను ఎవరూ పొగడరట.

పోయినవి: ముసలావిడకు వారానికి మూడు స్నానాల్లో రెండు; నా మోకాళ్ళకు ఒకటే చేతనైంది. మానుతున్న పుళ్ళు రెండు, రెండూ మళ్ళీ పచ్చిబడ్డాయి. ఆ ఇంట్లో నవ్వు, మొత్తం. మా వీధిలో ఒక మంచి మనిషి. నాకు చేరింది సున్నా.