వంతెనకు అడ్డొచ్చిన చెయ్యి

మా పక్కింటాయన పోయారని కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో మా వీధి వాట్సాప్ గ్రూప్‌లో చూశాను. "సారీ చెప్పకుండానే పోయారా మహానుభావా!" అన్నాను పైకే. నాలుగేళ్లుగా మా మధ్య మాటల్లేవు. తప్పు ఆయనదే, ఇప్పటికీ అదే అంటాను.

వయసులో ఉండగా ఆయన సరుకు ఓడల మీద పనిచేశారు. ఊరినుంచి ఎవరి అమ్మానాన్నలొచ్చినా, శనివారం పులిహోర డబ్బాలతో తీసుకెళ్లి గోల్డెన్ గేట్ వంతెన ముందు ఫోటో తీయించడం మా వీధి ఆనవాయితీ. పిలవకపోయినా ఈయన కారెక్కేసేవారు. అక్కడికెళ్లాక అందరినీ వంతెనకి వీపు పెట్టి నిలబడమనేవారు.

"ఆ ఇనుము నిన్నగాక మొన్నటిది తల్లీ! గోల్డెన్ గేట్ అంటే ఈ జలసంధి. రెండొందల ఏళ్లు ఓడలు బయటినుంచే వెళ్లిపోయాయి. ఈ పొగమంచులో దారుందని ఒక్కడికీ తెలీలేదు. చివరికి లోపలి అఖాతాన్ని చూసింది కొండెక్కి నడిచొచ్చినవాళ్లు!"

ప్రతిసారీ ఇదే పాఠం. చలికి మా పళ్లు టకటకలాడుతున్నా వదిలేవారు కాదు.

నాలుగేళ్ల కిందట మా అమ్మ వచ్చింది. "వంతెనతో ఒక్క ఫోటో తియ్యవే, మనవాళ్లకి చూపించుకోవాలి" అంది. ఆ నొప్పి మోకాళ్లతోనే మంచు విడిచేదాకా రెండు గంటలు కూర్చుంది. తీరా వంతెన బయటపడి నేను ఫోన్ నొక్కే సమయానికి ఈయన మధ్యలో దూరి చెయ్యి చాచారు. "అమ్మా, ఇటు! ఓడ లోపలికొస్తోంది, చూడండి!" అమ్మ అటు తిరిగింది. అంతే, మళ్లీ మంచు కమ్మేసింది.

"బుద్ధుందా మీకు?" అని అందరి ముందూ అరిచాను.

"వంతెన ఎక్కడికి పోతుంది అమ్మాయ్? మళ్లీ వచ్చినప్పుడు తీసుకోవచ్చు" అన్నారు తాపీగా.

మరుసటేడు అమ్మ పోయింది. వంతెన మాత్రం ఎక్కడికీ పోలేదు.

మొన్న ఆయన భార్య మా తలుపు తట్టారు. "దండ వెయ్యడానికి ఫోటో లేదమ్మా. అందరికీ నీళ్లు చూపించడమే సరిపోయింది, ఆయన ఏ ఫోటోలోనూ నిలబడలేదు. నీ దగ్గరేమైనా ఉందా?"

ఉంది. ఆ రోజు అమ్మ పక్కన ఆయన కూడా పడ్డ ఫోటో, ఆయన నిర్వాకం నలుగురికీ చూపించి తిట్టడానికి దాచుకున్నదే. తీసి చూపించాను.

"మీ అమ్మగారిని తీసేయించి ఫ్రేమ్ కట్టిస్తాను" అన్నారావిడ.

"వద్దండీ, అలాగే ఉండనివ్వండి" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

ఇవాళ వాళ్లింట్లో ఆ ఫోటోకి దండ వేశారు. వంతెనకి అడ్డంగా ఆయన చెయ్యి. పక్కన మా అమ్మ, కొంగు గాలికెగురుతుంటే, ఫోటోలో లేని ఆ ఓడకేసి చూస్తూ నోరారా నవ్వుతోంది. అమ్మ అలా నవ్విన ఫోటో నా దగ్గర ఇంకొకటి లేదు. పూలు పెట్టడానికి వచ్చినవాళ్లందరూ ఆ చెయ్యి చూపించినవైపు ఒకసారి తిరిగి చూస్తున్నారు. అటు గోడే ఉంది. నేనూ చూశాను.