స్టేడియంలో పికా కనపడకూడదన్నారు

ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండి. చేతిలో పనేదైనా ఉంటే కాసేపు పక్కన పెట్టండి. గొంతు పెంచి చెప్పగలిగే సంగతి కాదిది. చీపురు పట్టి బతికిన మనిషికి చెప్పుకోవడానికి ఏం ఉద్యోగం ఉందని కొందరు అనుకోవచ్చు. ఉంది. ఆ ఉద్యోగంలో నేను సరిగా చేయని ఒక పని గురించి చెబుతాను.

కరోనా తగ్గిన మరుసటి శీతాకాలం, మార్గశిర మాసంలో, ఒడిశాలో రాయగడ జిల్లాలోని మా పట్నంలో నన్ను వార్డు రోడ్ల మీంచి తీసి స్టేడియానికి జమేదారుగా వేశారు. అప్పటికి నా సర్వీసు ఇంకా మూడేళ్ళుంది. జమేదారంటే ఊడ్చేవాళ్ళకు పైన, సేనిటరీ ఇనస్పెక్టరుకు కింద. పొద్దున్న అయిదున్నరకు హాజరు పిలవాలి. ఎవరు ఏ గ్యాలరీకి వెళ్ళాలో చెప్పాలి. ఇనస్పెక్టరు ఒడియాలో ఇచ్చిన ఆర్డరును మా తెలుగువాళ్ళకు తెలుగులో చెప్పాలి. ఈ మూడో పని ఏ కాగితంలోనూ రాసి ఉండదు. నేను తప్పింది దాంట్లోనే.

గ్యాలరీని పై మెట్టు నుంచి కిందికి ఊడవాలి. ముందు నీళ్ళు చిలకరించాలి, లేకపోతే పై మెట్టు దుమ్మంతా ఊడ్చిన కింది మెట్టు మీద కూర్చుంటుంది. పల్లీ తొక్కలు, గ్లాసులు, కాగితాలు అన్నీ చీపురుకు వస్తాయి. బీడీ పీకలు మాత్రం రావు. సిమెంటు బీటల్లో ఇరుక్కుంటాయి. వంగి చేత్తో ఏరాలి. ఫుట్‌బాల్ పోటీలకు టికిరి నుంచీ రామనగుడ నుంచీ జట్లు వచ్చేవి, వాటి వెనక లారీల్లో జనం వచ్చేవారు. మ్యాచ్ అయిన మర్నాడు మా వాళ్ళెవరికీ నడుము నిలబడేది కాదు.

పొద్దున్నపూట ఆడపిల్లలు అక్కడ పరుగు నేర్చుకునేవారు. చాలామందికి బూట్లుండేవి కావు. వాకింగుకు వచ్చే పెద్దమనుషుల్లో ఎవరో ఆర్పకుండా పారేసిన సిగరెట్టు మీద ఒకమ్మాయి కాలేసింది. అరికాలు కాలి వారం రోజులు కుంటింది. దాని మీద స్టేడియం కమిటీ మీటింగు పెట్టింది. టీలు అందిస్తూ నేనూ ఆ గదిలోనే ఉన్నాను. కమిటీలో మా తెలుగు షావుకారు ఒకాయన ఉండేవాడు, హోల్‌సేల్ వ్యాపారం. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "పైన కప్పుంటే ఒక మాట. ఆకాశం కింద కాల్సుకునే పొగ ఎవుడికి తగుల్తాది? ఇదేటి సినిమా హాలా?" అన్నాడు. ఇనస్పెక్టరు బాబు ఒడియా మనిషి, గట్టిగా మాట్లాడడు. గ్యాలరీలో వెనక వరస పొగ ముందు వరస మీదికి ఎలా దిగుతుందో ఒక మ్యాచ్ అక్కడ కూర్చుని చూడమన్నాడు. చివరికి స్టేడియం గోడల లోపల పొగ తాగడం బందు అని తేల్చారు. గేటు దగ్గర బీడీలు, అగ్గిపెట్టెలు తీసేసుకోవాలి. సిబ్బందిలో ఎవరైనా తాగుతూ దొరికితే, రోజుకూలీ అయితే ఆ రోజే పేరు కొట్టేస్తారు.

నా కింద పనిచేసే రోజుకూలీల్లో పైడమ్మ వదిన ఒకరు. నా భర్తకు అక్క. ఆమె భర్త బొయిపరిగుడ సంతలో పొగాకు అమ్మేవాడు. ఆయన పోయాక పిల్లాజెల్లా లేని మనిషి కాబట్టి మా ఇంటికి వచ్చేసింది. ఎవరి తిండీ ఊరికే తినదు. నేనే అడిగి ఆమె పేరు రాయించాను.

పైడమ్మ వదినది అడ్డపొగ. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసి పీల్చడమే అడ్డపొగ. శ్రీకాకుళం వైపు మా ఆడవాళ్ళకు అది తరాల అలవాటు. వానలో నాట్లు వేసేటప్పుడు చుట్ట తడవకుండా, గాలికి ఆరిపోకుండా నిప్పును నోట్లో దాచుకునేవారు. మా అత్తగారు అలాగే తాగింది, ఈమె పన్నెండో ఏట ఆమె దగ్గర నేర్చుకుంది. స్టేడియంలో మేమంతా దుమ్ముకు ముక్కూ నోరూ కలిపి గుడ్డ కట్టుకునేవాళ్ళం. ఆ గుడ్డ కింద వదిన నోట్లో చిన్న చుట్ట తుంట ఎప్పుడూ కాలుతూనే ఉండేది.

మీటింగు మర్నాడు హాజరు దగ్గర ఇనస్పెక్టరు బాబు ఆర్డరు చెప్పాడు. ఆయన చివర అన్న మాట ఇది: "స్టేడియంరే పికా దిశిబ నాహి." స్టేడియంలో పికా కనపడకూడదు అని. ఒడియాలో పికా అంటే ఆకు చుట్ట. మన తెలుగులో పీక అంటే తాగి పారేసిన ముక్క. నాకు రెండూ తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అక్కడి సంతల్లో తిరిగినదాన్ని, తెలియకపోవడమేమిటి.

ఆయన వెళ్ళగానే వదిన అడిగింది. "ఒలే అమ్మీ, ఆ బాబు అంతసేపు ఏటి సెప్పేడు?"

"మెట్ల మీద పీకలు అవుపడకూడదంట వదినా" అన్నాను.

"ఓస్, అంతేనా? నా సుట్టకి పీకే ఉండదు. మిగిలిన తుంట కొంగున కట్టుకుంటాను గదా."

పక్కనే అప్పలసామి ఉన్నాడు. మాతోపాటు ఊడ్చేవాడే, రోజుకూలీయే, బీడీ మనిషి. "నీకేటత్తా, దొరికిపోయేది మాలాటోలే. నీ నోట్లో కుంపటెట్టినా ఎవుడికీ తెల్దు" అన్నాడు.

"మీ మగోలు ఊరందరి మొకాన ఊదుతారు. నాను నా పొగ నానే మింగుతాను. ఆకాశానికేటి నొప్పి?" అంది వదిన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజు నేను ఎందుకు అలా చెప్పానో చెబుతాను. అసలు మాట చెబితే మానడం ఆమె వల్ల కాదు. మానకపోతే ఏదో ఒక రోజు దొరుకుతుంది, పేరు పోతుంది, ఇంట్లో మూలన కూర్చుని కుమిలిపోతుంది. పీకలని చెబితే ఆమె తప్పు చేయనట్టే ఉంటుంది, నేను అబద్ధం చెప్పనట్టే ఉంటుంది. అంతవరకే ఆలోచించాను.

పోటీలు మొదలయ్యాక గేటు దగ్గర బీడీలు వసూలు చేసే పని ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న వచ్చింది. మగవాళ్ళను పెడితే తగాదాలు. ఇనస్పెక్టరు బాబే వదినను చూపించాడు. పెద్ద వయసు, నోరు చేసుకోని మనిషి అన్నాడు. నోరు చేసుకోకపోవడానికి కారణం నాకు తెలుసు. వదిన మాత్రం ఇదంతా మెట్ల మీద పీకలు పడకుండా చేసే ఏర్పాటే అనుకుంది, నేను అలాగే అనుకోనిచ్చాను. ఆమె గేటు దగ్గర రేకు డబ్బా పట్టుకుని నిలబడి, ముఖానికి గుడ్డతో, ఒక్క మాటా లేకుండా చెయ్యి చాపేది. ఆ చెయ్యి చూసి వస్తాదుల్లాంటి మగవాళ్ళు జేబులు ఖాళీ చేసేవారు. వాళ్ళ అగ్గిపెట్టెలు డబ్బాలో పడుతుంటే ఆమె నోట్లో నిప్పు కాలుతూ ఉండేది. ఆ సాయంత్రాలు మేమిద్దరం ఇంటికి పోతూ దారంతా నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వు ఇప్పుడు నాకు మింగుడుపడదు.

నెల తిరిగేసరికి గ్యాలరీలో పొగ తగ్గింది. మెట్లు శుభ్రంగా ఉండేవి. అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. అందరూ తాగుతున్నప్పుడు తెలియని వాసన, అందరూ మానాక తెలిసింది. ఇనస్పెక్టరు బాబు గేటు దగ్గర ఆగి వాసన పట్టి, ఎవరో తాగుతున్నారు, మనిషి మాత్రం కనపడడు అన్నాడు. గోడ అవతల టీ కొట్టు నుంచి వస్తోందని చెప్పాను.

సంక్రాంతి వెళ్ళిన నెలకు, మాఘంలో, పారిశుద్ధ్యపు పనివాళ్ళకు ఆరోగ్య క్యాంపు పెట్టారు. మా స్టేడియం గ్యాలరీ కిందనే. ముందు బల్ల దగ్గర ఒక అమ్మాయి ఫారం నింపేది. పొగ తాగుతామన్నవాళ్ళకు చీటీ ఇచ్చి కుడి వరసకు పంపేది. అక్కడ పళ్ళ డాక్టరు టార్చి వేసి నోరంతా చూసేవాడు. తాగనివాళ్ళది ఎడమ వరస. అక్కడ బీపీ, సుగరు చూసి పంపేసేవారు. ఇంతే పద్ధతి. ఒక్క మాట మీద మనిషి ఏ వరసకు వెళ్ళాలో తేలిపోతుంది.

అప్పలసామి తాగుతానని ఒప్పుకుని కుడి వరసకు పోయాడు. వదిన వంతు వచ్చింది. "ధూమపాన్ కరంతి కి?" అని, పొగ తాగుతారా అని, ఆ అమ్మాయి ఒడియాలో అడిగింది. వదిన నా వైపు చూసింది. అప్పటికి పది రోజులుగా కూరలో కారం తగిలితే ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుంటోంది. అంగిట్లో పొక్కిందని నాతో అంది కూడా. వేడి టీ వల్ల అనుకున్నాం. బల్లకు అవతల, నాలుగడుగుల దూరంలో, ఇనస్పెక్టరు బాబు నిలబడి ఉన్నాడు.

"నాహి" అన్నాను నేను.

వదిన ఎడమ వరసకు వెళ్ళింది. బీపీ కొంచెం ఎక్కువుందన్నారు. ఉప్పు తగ్గించమన్నారు.

అప్పలసామి బుగ్గ లోపల తెల్లమచ్చ దొరికింది. అతన్ని జిల్లా ఆసుపత్రికి పంపారు, ముక్క తీసి పరీక్ష చేశారు. ఇంకా ముదరలేదు, బీడీ మానితే చాలన్నారు. మానాడు. ఇప్పటికీ పనిలో ఉన్నాడు. అతని పేరు కొట్టేస్తారేమోనని నేను ఇనస్పెక్టరు బాబును అడిగాను. క్యాంపు ఫారాలు డాక్టర్ల దగ్గరే ఉంటాయి, నా టేబులు మీదికి రావు, వచ్చినా జబ్బు చెప్పుకున్నవాడి పేరు నేనెందుకు కొడతాను అన్నాడు. ఆ రోజే ఇంటికి వెళ్ళి వదినను తీసుకుని ఆసుపత్రికి పోవలసింది. పోలేదు. పోటీల ఫైనలుంది, తర్వాత చూద్దామన్నాను.

వేసవి వచ్చేసరికి ఆమెకు అన్నం పోవడం లేదు. రాగి అంబలి చేసి ఇచ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం అంబలి తాగుతుంటే అది ముక్కులోంచి బయటికి వచ్చింది. ఆమె గిన్నె కింద పెట్టి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఒలమ్మో, ఇదేటే" అంది. వెలుగుకు నోరు తెరిపించి చూశాను. అంగిట్లో మధ్యన చిల్లు పడింది.

విశాఖపట్నం క్యాన్సరు ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి డాక్టరు తెలుగాయన. నోట్లోకి ఒక్కసారి చూసి, "అడ్డపొగా?" అని అడిగాడు. పేరుతో సహా ఆయనకు తెలుసు. ముందు ఎక్కడైనా చూపించారా అన్నాడు. క్యాంపు సంగతి, నేను చెప్పిన జవాబు సంగతి మొత్తం చెప్పాను. ఆయన తిట్టలేదు. ఆ రోజు టార్చి వేసి ఉంటే ఇంకా పుండు దశలోనే దొరికేది అని మాత్రం అన్నాడు. పై అంగిలి తీసేశారు. బదులు ఒక ప్లేటు పెట్టారు. ఆ తర్వాత ఆమె మాటంతా ముక్కులోంచి వచ్చేది. నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు.

అక్కడే, మంచం పక్కన, పికా గురించి ఆమెకు చెప్పేశాను. రెండర్థాలున్నాయని, తెలిసే ఒకటి దాచానని. "నివ్వు సెప్పినా నాను మాన్దునేటి?" అంది. నన్ను ఊరడించడానికే అంది. మానేదో మానదో నాకు తెలియదు. మానే అవకాశం ఆమెకు నేను ఇవ్వలేదు, అది తెలుసు.

శ్రావణంలో జబ్బు మెడకు దిగింది. ఆఖరి వారంలో ఒక ఉదయం ఆమె ఏదో పదే పదే అడుగుతోంది. నర్సు వంగి విని, అర్థం కాక, "ఏమంటున్నారమ్మా ఈవిడ?" అని నన్ను అడిగింది. నీళ్ళు కావాలంటోందని చెప్పవచ్చు. దేవుణ్ణి తలుచుకుంటోందని చెప్పవచ్చు. ఆ గదిలో ఎవరూ నన్ను తప్పుపట్టలేరు.

"సుట్ట ఇమ్మంటంది" అన్నాను.

నర్సు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. మూడో రోజు వదిన పోయింది.

పని మీదికి తిరిగి వెళ్ళిన రోజున ఇనస్పెక్టరు బాబుకు అన్నీ చెప్పి, జమేదారు పని తీసేయమన్నాను. ఆయన తీయలేదు. వచ్చే పోటీల ఆర్డరు కూడా నువ్వే చెబుతావు, నేను పక్కన నిలబడి వింటాను అన్నాడు. చెప్పాను. బీడీ, సిగరెట్టు, చుట్ట, అడ్డపొగ, ఏదీ గోడ లోపల వద్దని, నోట్లో పుండున్నవాళ్ళు ఎవరికీ భయపడకుండా ఆసుపత్రికి పోవాలని. ఆ రోజు హాజరులో ఉన్న మరో ఇద్దరు ఆడవాళ్ళు ముఖాలకున్న గుడ్డలు విప్పి తుంటలు ఉమ్మేశారు. వాళ్ళూ తాగుతారని అంతవరకు నాకే తెలియదు. ఇద్దరినీ నేనే టార్చి దగ్గరికి తీసుకుపోయాను.

కప్పు లేని స్టేడియంలో పొగ తాగనివ్వాలా వద్దా అని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతారు. వద్దనే చెబుతాను, కింది వరసలో ఇంకో మనిషి ఉంటాడు కాబట్టి. అయితే కనపడకపోతే చాలన్నట్టు ఆర్డరు చెబితే జనం పొగ మానరు, దాచడం నేర్చుకుంటారు. ఒకరి మాట ఇంకొకరికి చేర్చే ఉద్యోగంలో ఉన్న మనిషి దాన్ని మొత్తం చేర్చాలి. తనవాళ్ళ మీద ప్రేమతో సగం ఆపే హక్కు జమేదారుకు లేదు. నేను ఆపాను.

ఇంతసేపు కదలకుండా విన్నారు. మీ ఇంటిల్లిపాదీ ఒక్క పంక్తిన కూర్చుని కడుపునిండా తినండి. మీ పెద్దలు, మీ పిల్లలు చల్లగా ఉండాలి.